ఫిస్టులా ఎక్కడ నిలుస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది

నెల్లూరులో డయాలసిస్ రోగులు, వాళ్ళ కుటుంబాలు, ఆశా కార్యకర్తలు, టెక్నీషియన్లు కలిసిన సమావేశంలో ఫిస్టులా గురించి, అంటే డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలని కలిపి కుట్టే ఏర్పాటు గురించి, ఒక కిడ్నీ వైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఉన్నవాళ్ళు డయాలసిస్ లేని రోజు చూసుకుని వచ్చారు. కొంతమంది పొద్దున్నే మొదటి బస్సు ఎక్కి వచ్చారు. వెనక ఆశా కార్యకర్తలున్నారు, టెక్నీషియన్లున్నారు, పల్లెల్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీలు కూడా వచ్చారు. మీరు రావడం నాకు మరీ సంతోషం. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం మీతోనే పని.

కిడ్నీలు ఎందుకు పోతాయి, ఏం తినాలి, ఏం తినకూడదు, ఇవన్నీ మీరు చాలాసార్లు విన్నారు. ఇవాళ ఆ జోలికి పోను. ఇవాళ చేతి గురించి చెప్తాను. మీ ఎడమ చేతి గురించి.

డయాలసిస్ మిషను నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం లాగుతుంది. నాలుగు గంటలు లాగుతుంది. లెక్క వేసుకోండి, 60, 70 లీటర్లు. ఒంట్లో ఉండేది అయిదు లీటర్లే, అదే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. అంత రక్తం ఇచ్చే శక్తి చేతి మీద కనపడే మామూలు నరానికి ఉందా? లేదు. ధమనిలో ఆ వేగం ఉంది, కానీ అది లోతుగా ఉంటుంది, వారానికి రెండుసార్లు, మూడుసార్లు దాన్ని పొడవలేం. అందుకని ధమనిని పక్కన ఉన్న నరానికి కలిపి కుడతారు. పంట కాలువకి పెద్ద కాలువ నీళ్ళు వదిలితే ఏమవుతుంది? కొన్నాళ్ళకి అదీ వెడల్పవుతుంది, గట్లు గట్టిపడతాయి. నరం కూడా అంతే. అదే ఫిస్టులా.

ఇది ఎప్పటిది అనుకుంటున్నారు? 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్‌నర్ అనే డాక్టరు టెఫ్లాన్ గొట్టాలతో ధమనినీ నరాన్నీ చేతి బయట కలిపి అట్లాగే ఉంచేశారు. అంతకు ముందు డయాలసిస్ చేసిన ప్రతిసారీ కొత్తగా కోసి నాళం వెతకాలి. కొన్నిసార్లకే నాళాలు అయిపోయేవి, మనిషి కూడా అయిపోయేవాడు. స్క్రిబ్‌నర్ మొదటి పేషెంటు క్లైడ్ షీల్డ్స్ ఆ తర్వాత 11 ఏళ్ళు బతికాడు. 1966లో న్యూయార్కులో బ్రెషియా, సిమినో, వాళ్ళ తోటి డాక్టర్లు గొట్టం ఏమీ లేకుండా మణికట్టు దగ్గర చర్మం కిందే ధమనికీ నరానికీ కుట్టు వేసి చూపించారు. అరవై ఏళ్ళయింది. ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు.

మిగతా దారులు రెండున్నాయి. ఒకటి గ్రాఫ్టు, అంటే నరం సరిపోనివాళ్ళకి వేసే కృత్రిమ గొట్టం. రెండోది మీ అందరికీ తెలిసిన మెడలో పైపు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ పైపే కాపాడుతుంది, కాదనను. కానీ అది చర్మం బయటి నుంచి నేరుగా గుండె దాకా పోయే దారి. క్రిములకి కూడా అదే దారి. డయాలసిస్ మొదలైన అరగంటకో గంటకో చలి, వణుకు, తర్వాత జ్వరం. ఎంతమందికి వచ్చింది? చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులో. అది ఏసీ చలి కాదు. పైపులో చేరిన క్రిములు రక్తంలోకి పోతున్నాయి. అక్కడి నుంచి గుండె కవాటాలకి పోతాయి, వెన్నుపూసల్లోకి పోతాయి. ఇంకోసారి అట్లా వస్తే దుప్పటి అడిగి ఊరుకోవద్దు, టెక్నీషియన్‌కి చెప్పండి, రక్తం కల్చరుకి, అంటే క్రిముల పరీక్షకి, పంపమనండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఫిస్టులా అన్ని చోట్లా ఒకేలా నిలుస్తుందా? ఆపరేషన్ ఒకటే, మనిషి చెయ్యి ఒకటే, ఫలితం కూడా ఒకేలా ఉండాలి కదా? ఉండడంలేదు.

1996లో డోప్స్ అని ఒక అంతర్జాతీయ అధ్యయనం మొదలైంది. అమెరికా, జపాన్, ఐరోపాలో అయిదు దేశాలు, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్, బ్రిటన్. అప్పటి లెక్కల్లో ఐరోపాలో డయాలసిస్ మీద ఉన్నవాళ్ళలో నూటికి 80 మందికి ఫిస్టులా ఉంది. అమెరికాలో 24 మందికే ఉంది. కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టేవాళ్ళని చూస్తే ఐరోపాలో 66 మంది ఫిస్టులాతో మొదలుపెట్టారు, అమెరికాలో 15 మంది. మరి అమెరికా వాళ్ళ చేతుల్లో నరాలు లేవా? ఇటలీ వాళ్ళకి దేవుడు వేరే నరాలు పెట్టి పుట్టించాడా? వయసు, షుగరు, గుండె జబ్బు, అన్నీ లెక్కలోకి తీసుకుని చూసినా ఆ తేడా పోలేదు. తేడా ఒంట్లో లేదు. ఊళ్ళో ఉంది, ఆసుపత్రిలో ఉంది, అలవాట్లో ఉంది.

ఒక్క సంగతి చూడండి. ఫిస్టులా చేసిన తర్వాత మొదటి సూది ఎప్పుడు వేశారు? జపాన్‌లో, ఇటలీలో నెల తిరక్కుండానే వేశారు. బ్రిటన్‌లో, అమెరికాలో మూడు నెలలు దాటింది. ఇంకోటి, సర్జన్ల చదువు. అమెరికాలో అప్పట్లో ఒక సర్జను శిక్షణలో సగటున 16 ఫిస్టులాలు చేసి బయటికి వచ్చేవాడు. మిగతా దేశాల్లో సగటున 39 నుంచి 426 దాకా ఉండేది. శిక్షణలోనే 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ చేసిన సర్జను చేతిలో ఫిస్టులా మొదట్లోనే ఫెయిలయ్యే ప్రమాదం 34 శాతం తక్కువని తేలింది. అంటే మీ నరం ఎంత ముఖ్యమో, దాన్ని కుట్టిన చేతికి ఉన్న అనుభవమూ అంతే ముఖ్యం. కాబట్టి ఆపరేషన్‌కి పోయేటప్పుడు అడగండి. 'డాక్టరుగారూ, మీరు నెలకి ఎన్ని ఫిస్టులాలు చేస్తారు?' అని మర్యాదగా అడగండి. మంచి సర్జను ఏమీ అనుకోడు.

మరి అమెరికా అట్లాగే ఉండిపోయిందా? లేదు. 2003లో అక్కడ ముందు ఫిస్టులా అని పెద్ద ప్రయత్నం మొదలుపెట్టారు. అప్పటికి 32 శాతం ఉన్న ఫిస్టులాలు తర్వాత 60 శాతం దాటాయి. అదే దేశం, అవే చేతులు. పట్టించుకుంటే పెరిగాయి. కానీ ఒక్కటి మాత్రం మారలేదు. అక్కడ ఈనాటికీ నూటికి 80 మంది దాకా డయాలసిస్ మొదలుపెట్టేది మెడలో పైపుతోనే. ఎందుకు? కిడ్నీ డాక్టరు దగ్గరికి ఆలస్యంగా రావడం ఒక కారణం. ముందే వచ్చినా నిర్ణయం ఆలస్యం కావడం ఇంకో కారణం.

ఇది వింటుంటే మన జిల్లాలో ఉదయగిరి వైపు పల్లెలు గుర్తొస్తున్నాయా? నాకైతే గుర్తొస్తాయి.

మన జిల్లాలో నేను చూస్తున్నది చెప్తాను. నెల్లూరు టౌనులో ఉన్న షుగరు పేషెంటు, రిటైరైన మాస్టారు అనుకోండి, మూడు నెలలకోసారి క్రియాటినిన్, అంటే కిడ్నీలు పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే మలినం, ఎంతుందో చూపించుకుంటాడు. పెరుగుతోందని తెలియగానే మాట్లాడుకుంటాం, నరాల స్కానింగ్ చేయిస్తాం, డయాలసిస్ అవసరం రాకముందే ఫిస్టులా చేతిలో సిద్ధంగా ఉంటుంది. మెడలో పైపు అంటే ఏమిటో ఆయనకి తెలియదు. అదే మెట్ట మండలాల నుంచి, సీతారామపురం, వరికుంటపాడు, ఉదయగిరి, అటువైపు నుంచి వచ్చేవాళ్ళు ఎప్పుడొస్తారు? అర్ధరాత్రి వస్తారు. ఆయాసంతో, కాళ్ళు వాచి, పొటాషియం పెరిగి, వంద కిలోమీటర్ల దాకా బండి మీదో అంబులెన్సులోనో వస్తారు. అప్పుడు ఫిస్టులా మాట ఎవరు ఎత్తగలరు? పైపు వేయాల్సిందే.

ఆ ప్రాంతానికి ఒక చరిత్ర ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్ళు పాడయ్యే జబ్బు, గురించి మొట్టమొదట వైద్య పత్రికలో వచ్చిన నివేదిక 1937లో వచ్చింది, అది నెల్లూరు జిల్లా గురించే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ ఇందులోనే ఉండేవి. ఫ్లోరైడ్ వల్లనే కిడ్నీలు పోతున్నాయని నేను అనడంలేదు, ఆ మాట అంత తేలిగ్గా అనకూడదు. నేను చెప్పేది వేరే. ఎముకల్లో ఫ్లోరోసిస్ ముదిరిన పెద్దవాళ్ళలో కొందరు మోచెయ్యి పూర్తిగా చాపలేరు. వాళ్ళకి మోచేతి దగ్గర ఫిస్టులా పెడితే, నాలుగు గంటలు రెండు సూదులతో ఆ చేతిని ఎట్లా కదలకుండా ఉంచేది? అటువైపు నుంచి వచ్చినవాళ్ళకి ఫిస్టులా ఎక్కడ పెట్టాలో ఆలోచించే ముందు ఒకసారి చెయ్యి చాపమని అడగాలి. పుస్తకాల్లో ఇది కనపడదు, ఇక్కడ పనిచేసేవాళ్ళకి తెలియాలి.

అట్లా వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన చెయ్యి మీకు చూపించినట్టు చెప్తాను. ఎడమ ముంజెయ్యి, బొటనవేలి వైపు నుంచి మోచేతి దాకా పోయే నరం. ఫిస్టులాకి అన్నిటికంటే మంచి నరం అదే. ఆ నరం మీద వరసగా చిన్న చిన్న నల్లటి మచ్చలున్నాయి, పక్కన ప్లాస్టరు పీకిన గుర్తులు. వేలు పెట్టి నొక్కితే అణగడంలేదు, గట్టిగా తగులుతోంది. స్కానింగ్‌లో లోపలంతా మూసుకుపోయి ఉంది. 'పెద్దాయనా, ఏమైంది ఈ చేతికి?' అంటే, 'ఏమీ కాలేదు డాక్టరమ్మా, నీరసం వచ్చినప్పుడంతా సెలైన్లు పెట్టించుకునేవాణ్ణి' అన్నాడు. రెండేళ్ళు పెట్టించుకున్నాడు. ఎప్పుడు చూసినా అదే చెయ్యి, అదే నరం, ఎందుకంటే అది బాగా కనపడుతుంది, సులువుగా దొరుకుతుంది.

ఆర్‌ఎంపీ అన్నలకి, మా నర్సు చెల్లెళ్ళకి చేతులు జోడించి చెప్తున్నాను. క్రియాటినిన్ పెరిగిన మనిషికి, షుగరుతో కాళ్ళు వాచే మనిషికి, ముంజేతిలో, మోచేతి మడతలో క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సన్న గొట్టం, పెట్టొద్దు. తప్పనిసరైతే అరచేతి వెనక వైపు పెట్టండి, కుడి చేతికి పెట్టండి, పని కాగానే తీసేయండి. రక్తం తియ్యాలన్నా అరచేతి వెనక నుంచే. ఎడమచేతి వాటం వాళ్ళయితే తిప్పి చూసుకోండి, ఏ చేత్తో ఎక్కువ పనులు చేస్తారో ఆ చెయ్యి వాడుకోండి, రెండోది వదిలేయండి. అసలు అలాంటి మనిషికి నీరసానికి సెలైన్ మందు కాదు, ఆ నీళ్ళే రేపు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. నొప్పుల ఇంజక్షన్లు అంతకంటే చేటు. పెద్దాసుపత్రుల్లో కూడా ఈ తప్పు జరుగుతోంది. ఐసీయూలో పెట్టి రెండు చేతులూ పొడిచి పంపిస్తారు. అందుకే క్రియాటినిన్ పెరిగినవాళ్ళు ఎక్కడికి పోయినా నోరు తెరిచి చెప్పాలి. 'ఈ చెయ్యి ముట్టుకోవద్దు' అని. ఆశా కార్యకర్తలూ, మీరు ఇళ్ళకి పోయినప్పుడు ఈ ఒక్క మాట నేర్పించి రండి.

ఇంకో సంగతి. కొన్నిచోట్ల తొందరలో మెడ కింద ఉండే కాలర్ ఎముక కింద పైపు వేస్తారు. ఆ నరం తర్వాత సన్నబడిపోతుంది. అటువైపు ఫిస్టులా పెడితే చెయ్యంతా వాచిపోతుంది. వేయాల్సి వస్తే కుడివైపు మెడలో వేయించుకోవడం మేలు.

ఇప్పుడు దూరం గురించి. దూరం ఫిస్టులాని ఎట్లా పాడుచేస్తుంది? మీరు ఆలోచించారా? నేను బాగా గమనించాను, వివరంగా చెప్తాను.

వారానికి రెండు డయాలసిస్‌లు అనుకుందాం. ఒక రోజు బస్సు దొరకలేదు, లేదా కోతల పని ఉంది, తోడొచ్చే కొడుక్కి వీలుకాలేదు. ఒకటి మానేశాడు. అయిదారు కిలోల నీళ్ళు చేరాయి. తర్వాతి సారి ఆ నీళ్ళన్నీ ఒక్కసారే లాగాలి. లాగితే బీపీ పడిపోతుంది. బీపీ పడిపోతే ఫిస్టులాలో రక్తం మందగించి గడ్డకడుతుంది. చూశారా, బస్సు తప్పితే ఫిస్టులా ఆగిపోయింది. ఇక ఎండాకాలం, రోహిణి కార్తెలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే కథ.

ఇంకొకటుంది, ఇది నన్ను చాలా బాధపెడుతుంది. డయాలసిస్ అయ్యాక సూదులు తీస్తారు. దూదిపెట్టి ప్లాస్టరు వేస్తారు. మనిషికి భయం, బస్సులో కుదుపుకి రక్తం కారుతుందేమోనని. దాని మీద గుడ్డతో గట్టిగా కట్టిస్తాడు. బస్సెక్కి నిద్రపోతాడు. ఊరు చేరేసరికి మూడు గంటలు. కట్టు విప్పితే చేతిలో శబ్దం లేదు. ఎవరి తప్పిది? టెక్నీషియన్లూ, ఆ కట్టు విప్పకుండా పేషెంటుని బయటికి పంపించొద్దు. సూది తీసిన చోట రెండు వేళ్ళతో పది నిమిషాలు నొక్కిపెడితే చాలు. నొక్కేటప్పుడు కూడా వేలి పైనా కిందా ఫిస్టులా కొట్టుకుంటూనే ఉండాలి, పూర్తిగా ఆగేంత గట్టిగా నొక్కకూడదు. ఇరవై నిమిషాలకీ రక్తం ఆగకపోతే, ప్రతిసారీ అట్లాగే అవుతుంటే, పైన ఎక్కడో నరం సన్నబడిందని అనుమానించాలి. నాకు ఫోన్ చెయ్యండి. ముందే తెలిస్తే బెలూనుతో వెడల్పు చేయించవచ్చు.

టెక్నీషియన్లకి ఇంకో మాట. పేషెంటు అంటాడు, 'అన్నా, అక్కడే పొడువు, అక్కడ నొప్పి తెలీదు' అని. మీరూ అక్కడే వేస్తారు, సులువుగా పోతుంది కాబట్టి. ఒకే చోట పొడిచీ పొడిచీ అక్కడ ఉబ్బుతుంది, చర్మం పల్చబడి మెరుస్తుంది. సూది చోటు మారుస్తూ ఫిస్టులా పొడవునా పైకి కిందికి పోవాలి. ఐరోపాలో ఈ విషయం మీద పెద్ద అధ్యయనం జరిగింది, ఒకే చోట పొడిచే యూనిట్లలో ఫిస్టులాలు త్వరగా పోతున్నాయని అందులో తేలింది. కొత్త ఫిస్టులా అయితే మొదటి సూదులు మీలో చేయి తిరిగినవాళ్ళే వేయాలి. సన్నటి 17 నంబరు సూదితో, తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. జపాన్‌లో నెలలోపే వేస్తున్నారు కదా, మనమూ వేద్దామనుకోవద్దు. వాళ్ళు నిమిషానికి 200 మిల్లీలీటర్ల దగ్గరే నడుపుతారు, సూదులు వేసే చేతులు ఏళ్ళ తరబడి అదే పని చేసినవి. మనకి కనీసం ఆరు వారాలు, చాలామందికి రెండు మూడు నెలలు ఆగితేనే మంచిది.

అన్ని ఫిస్టులాలూ నిలబడవు, అది కూడా నిజాయితీగా చెప్పాలి. ప్రపంచం మొత్తం మీద అధ్యయనాలు కలిపి చూస్తే నూటికి 23 దాకా మొదట్లోనే పనికిరాకుండా పోతున్నాయి. 2008లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో అయితే 60 దాకా డయాలసిస్‌కి సరిపడా ఎదగలేదు. షుగరున్నవాళ్ళకి, ఆడవాళ్ళకి, వయసు మళ్ళినవాళ్ళకి నరాలు సన్నం, ఇబ్బంది ఎక్కువ. గుండె బాగా బలహీనంగా ఉన్న 80 ఏళ్ళ మనిషికి బలవంతంగా ఫిస్టులా పెట్టమని నేను అనను. 2019 నాటి అమెరికా మార్గదర్శకాలు కూడా అందరికీ ఒకటే కాదు, మనిషిని బట్టి చూడండి అంటున్నాయి. ఒకటి ఫెయిలైతే 'నా చేతికి రాసిపెట్టి లేదు' అనుకోవద్దు, పైన ఇంకో చోటుంది, రెండో చెయ్యి ఉంది.

మీరు రోజూ చేయాల్సింది చిన్న పని. పొద్దున లేవగానే ఫిస్టులా మీద మూడు వేళ్ళు ఆనించండి. లోపల జుయ్యిమని సన్నగా అదురుతూ ఉండాలి. చెవి దగ్గర పెట్టుకుంటే శబ్దం వినపడాలి. అదురు లేకుండా ఠక్ ఠక్ మని గట్టిగా కొట్టుకుంటుంటే అది కూడా బాగున్నట్టు కాదు, పైన అడ్డం ఉందని అర్థం. చెయ్యి పైకెత్తితే ఉబ్బు మెత్తబడాలి. మెత్తబడకుండా అట్లాగే బిగుసుకుని ఉంటే చెప్పండి. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోవద్దు, బిందెలు మోయొద్దు.

చీటీలు వచ్చాయి, చదువుతాను.

ఒకమ్మ గాజుల గురించి అడిగింది. వదులుగా ఉంటే వేసుకోమ్మా, బిగుతుగా ఎక్కించే మట్టిగాజులు మాత్రం ఆ చేతికి వద్దు. పండగైనా వద్దు.

ఇది ముఖ్యమైంది. 'ఆదివారం రాత్రి ఫిస్టులా ఆగిపోయింది, డయాలసిస్ మంగళవారం, అప్పుడు చెప్తే చాలదా?' చాలదు. గడ్డ కొత్తగా ఉన్నప్పుడు తీయడం తేలిక. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. ఆ రాత్రే యూనిట్‌కి ఫోన్ చేయండి, పొద్దున్నే ఫైలు తీసుకుని బయలుదేరండి. నెల్లూరులో వీలుకాకపోతే మద్రాసు పంపించే ఏర్పాటుకైనా టైము ఉంటుంది. అయ్యే ఖర్చులో ప్రభుత్వ వైద్య పథకం కింద ఏది వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రని అడగండి. చాలామంది చేతి నుంచి డబ్బు పెట్టేసిన తర్వాత అడుగుతున్నారు.

'ఉబ్బిన చోట పెచ్చు ఊడి రక్తం చిమ్మితే?' వేలితో ఆ రంధ్రం మీద నేరుగా నొక్కండి. టవళ్ళు చుట్టొద్దు, టవలు రక్తం పీల్చుకుంటుంది గానీ ఆపదు. చెయ్యి పైకెత్తండి, నొక్కిన వేలు తీయకుండా 108కి ఫోన్ చేయించండి. నిమిషాల్లో ప్రాణం పోయే సంగతి ఇది. ఇంట్లో అందరికీ నేర్పించి పెట్టండి, చిన్నపిల్లలకి కూడా. చర్మం పల్చబడి మెరుస్తుంటే అంతదాకా రానివ్వకుండా ముందే చూపించండి.

ఆఖరి చీటీ. 'మా నాయనకి క్రియాటినిన్ నాలుగు దాటింది. మూత్రం బాగానే వస్తావుంది. అప్పుడే చెయ్యి కోయించుకుంటే డయాలసిస్ తొందరగా వచ్చేస్తదని ఊళ్ళో అంటావున్నారు.' ఈ చీటీ రాసినవాళ్ళు చాలా మంచి పని చేశారు. ఫిస్టులా పెట్టించుకున్నందువల్ల డయాలసిస్ రాదు. అవసరం రాకపోతే ఫిస్టులా చేతిలో ఊరికే ఉంటుంది, అంతే. అవసరం వచ్చిన రోజున అది లేకపోతే మెడలో పైపే. మూత్రం వస్తున్నంత మాత్రాన కిడ్నీలు పనిచేస్తున్నట్టు కాదు, నీళ్ళు బయటికి పోతున్నాయి, మలినాలు లోపలే ఉంటున్నాయి. నాయనకి ఇప్పుడే కోయాలా, ఇంకా ఆగొచ్చా అనేది ఆయన వయసును బట్టి, క్రియాటినిన్ ఎంత వేగంగా పెరుగుతోందన్న దాన్ని బట్టి చెప్పాలి. పాత రిపోర్టులన్నీ, పసుపు రంగుకి తిరిగిన చీటీలైనా సరే, తేదీల ప్రకారం పెట్టుకుని సోమవారం ఓపీకి తీసుకురండి. రెండు చేతుల నరాలకీ స్కానింగ్ చేయిద్దాం. ఈలోగా ఎవరైనా ఆయనకి సూది వెయ్యాలంటే అరచేతి వెనక వెయ్యమనండి, కుడి చేతికి.